బాలాసోర్‌కి ముందే చేరిన బండి

ఆ రోజుల్లో నా ప్రోగ్రాములో ఏ తేడా వచ్చినా తప్పు నాది కాదని నాకు గట్టి నమ్మకం (ఉద్యోగంలో చేరి ఆరు నెలలు కూడా కాలేదు, అందుకే అంత నమ్మకం). కంపెనీ కలకత్తాలో, నేను ఖరగ్‌పూర్‌లో ట్రాఫిక్ అనే రైల్వే కాలనీలో, మా క్వార్టర్లో. రైళ్ళ వేళలు చూసుకునే సాఫ్ట్‌వేర్ రాసేవాళ్ళం. నా ల్యాప్‌టాప్‌లో లినక్స్ ఉండేది. కొనేవాళ్ళంతా విండోస్ వాళ్ళు కాబట్టి, ముందుగదిలో ఉన్న నాన్న కంప్యూటర్లో కూడా టెస్టులు నడపాలి. శనివారంలోగా అక్కడా అన్నీ పాసైతేనే నా ఉద్యోగం ఖాయం చేస్తానన్నాడు మా బెంగాలీ టీమ్ లీడర్ (అందరం దాదా అనేవాళ్ళం, అంటే అన్నయ్య). ఖాయమైపోయిందని అమ్మ అప్పటికే కాలనీ అంతా చెప్పేసింది.

ఆ టెస్టుల్లో ఒకటి నా ప్రాణం తీసింది. అందులో కావాలనే ఓ తప్పుడు టైంటేబుల్ పెట్టాను. ఖరగ్‌పూర్‌లో పొద్దున్న పదింటికి బయల్దేరిన బండి, ఆ పొద్దున్నే తొమ్మిదింటికి బాలాసోర్ చేరిపోతుంది. అది చూసి తప్పుందని ప్రోగ్రాం చెప్పాలి, చెప్తేనే టెస్టు పాసు. లినక్స్‌లో చక్కగా చెప్పేది. విండోస్‌లో మాత్రం కిమ్మనేది కాదు. ఫైళ్ళు కొత్తగా ఎక్కిస్తే పాసు, మర్నాటికి మళ్ళీ ఫెయిలు. యాంటీవైరస్ పీకేశాను. ఇంటర్నెట్లో ముక్కూమొహం తెలియని వాళ్ళందరినీ అడిగాను. చివరికి విండోస్‌కి టైము లెక్కలు రావని ఓ సిద్ధాంతం తయారుచేసి, దాదాకి ఫోన్లో పాఠం చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, "ఠీక్ హై, కానీ శనివారం అంటే శనివారమే" అన్నాడు.

శుక్రవారం పొద్దున్న ఉప్మా ప్లేటుతో ముందుగదిలోకి వెళ్తే, నైట్ డ్యూటీ దిగి వచ్చిన నాన్న కంప్యూటర్ ముందు కూర్చుని ఒంటివేలితో ఏదో కొడుతున్నాడు. ఆయనది కంట్రోల్ ఆఫీసు. ఏ బండి ఏ వేళకి ఎక్కడుండాలో చూడటమే ఆయన పని. తెర మీదున్నది నా టైంటేబుల్.

"ఏటి నాన్నా సేస్తన్నావు?"

"ఏటేటి? పదింటికి బయల్దేరిన బండి తొమ్మిదింటికి బాలాసోర్ ఎలాగెల్తాదిరా? రోజూ దిద్దతన్నాను, రోజూ మళ్ళీ తప్పే రాస్తన్నావు. సెప్తే సిన్నబుచ్చుకుంటావని ఊరుకున్నాను."

"అది తప్పని నాకూ తెలుసు నాన్నా. కంప్యూటర్ పట్టుకుంటాదో లేదో సూద్దామని కావాలనే రాసినాను."

"మరి పట్టుకోనేదా?"

"నువ్వు ముందే పట్టేసుకున్నావు కదా."

వంటింట్లో అమ్మ నవ్వు ఆపుకోలేక దగ్గింది.

టెస్టులన్నీ పాసయ్యాయి. కారణం ఏమిటని దాదా అడిగితే "మా బాబా" అని (బెంగాలీలో నాన్నని అలాగే అంటారు) జరిగింది చెప్పాను. కడుపుబ్బ నవ్వి ఉద్యోగం ఖాయం చేశాడు. నాన్న మాత్రం నవ్వలేదు. "నా వల్ల నీ ఉద్యోగం పోయుండేది కదరా" అన్నాడు మెల్లిగా. ఆ తర్వాత కంప్యూటర్ జోలికే పోలేదు. డ్యూటీ దిగి వచ్చి ఊరికే కిటికీ దగ్గర కూర్చునేవాడు. నాకు చాలా బాధేసింది.

అందుకని నేనే ఒక ఉపాయం పన్నాను. బళ్ళన్నీ ఇష్టం వచ్చినట్టు నడిచే కొత్త టైంటేబుల్ ఒకటి తయారుచేసి, కొంచెం చూసిపెట్టమని ఆయన ముందు పెట్టాను. నాన్న నా వైపు ఓసారి చూసి, కళ్ళజోడు పెట్టుకుని, ఒక్కటీ వదలకుండా దిద్దాడు. "ఇంకోటుంటే పెట్టు" అన్నాడు. అలా వారానికొకటి చొప్పున చాలాకాలం పెట్టాను. నాన్నని ఎంత తెలివిగా మురిపిస్తున్నానో అని లోలోపల పొంగిపోయేవాణ్ణి. ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. అవి ఉత్తుత్తి బళ్ళని మొదటి రోజే ఆయనకి తెలుసు. నా సరదా కోసం దిద్దాడు, అంతే.