నాయిన దగ్గర మిగిలిన మాట

తెలుగులో ఇంగ్లీషు మాటలు కలపకూడదని ఈమధ్య ఒక సభలో ఒక పెద్దమనిషి గంటసేపు చెప్పాడు. చెప్పినంతసేపూ మైకు సరిగా లేదని, సౌండు పెంచమని అంటూనే ఉన్నాడు. అది వేరే సంగతి. ‘సైడ్ అనకపోతే ఏం పోయింది, పక్క అనొచ్చు కదా’ అన్నప్పుడు మాత్రం నాకు ఒళ్ళు మండి లేచి వచ్చేశాను. ఆయన తప్పేమీ లేదు. ఆ మాటతో మా ఇల్లు ఎన్నేళ్ళు నడిచిందో ఆయనకేం తెలుసు!

మా నాయిన లారీ డ్రైవర్. మిర్యాలగూడలో ఒక రైసుమిల్లు వాళ్ళ బండి నడిపేవాడు. బియ్యం లోడ్ చేసుకుని కోదాడ మీదుగా విజయవాడ పోయేవాడు, లేదంటే సూర్యాపేట మీదుగా పట్నం. మేము సూర్యాపేటలో హైవేకి దగ్గరలో ఒక రేకుల ఇంట్లో కిరాయికి ఉండేవాళ్ళం. ఇంట్లో ముగ్గురమే. నాయిన, అమ్మ, నేను. నాయినకు చదువు లేదు. రోడ్డు పక్క బోర్డులు చూసి ఊళ్ళ పేర్లు కూడబలుక్కునేవాడు. ఇంగ్లీషు ఎంత వచ్చో అంతా లారీ నేర్పిందే. అందులో ఆయన నోట ఎక్కువ నలిగింది సైడ్.

ఎనభైల్లో హైవే అంటే ఇప్పటిలా కాదు. రెండు లారీలు ఎదురుపడితే చెరొక చక్రం మట్టిలోకి దించుకోవాల్సిందే. వెనక బండివాడు హారన్ కొడితే, ఎదురుగా ఏమీ రావడం లేదని చూసుకుని, కుడిచెయ్యి కిటికీలోంచి బయటపెట్టి ముందుకు ఊపాలి. అదే సైడ్ ఇవ్వడం. ఆ చెయ్యి ఊగితే వెనకవాడు ఇక ఆలోచించడు, దాటేస్తాడు. “చెయ్యూపినమంటే వాని పానం మన చేతుల ఉన్నట్టే బిడ్డా. ఉత్తగ ఊపొద్దు,” అనేవాడు నాయిన. ఇంత చెప్పే మనిషి ఇంట్లో మాత్రం ఉత్తగానే వాడేవాడు ఆ మాటను. మంచం అడ్డముంటే సైడ్ జరపమనేవాడు. పాటల కేసెట్టు అయిపోతే సైడ్ తిప్పమనేవాడు. వానాకాలం మురికి పొంగి గడప దాకా వస్తే సైడ్ కాలువ తీయించని వాళ్ళను తిట్టిపోసేవాడు.

అమ్మది కోదాడ అవతల పల్లె. ఆమె మాటలో ఆంధ్ర యాస కొంచెం కలిసేది. ఇద్దరికీ దాని మీద రోజూ సరదా పోట్లాటే.

“మా సైడు చింతపండు ఇంత పొయ్యరయ్యా. నాలుక మొద్దుబారిపోదూ?” అనేది అమ్మ.

“మీ సైడోళ్ళు పులుసుల చేపలు గూడ ఏస్తరా, ఒట్టి నీళ్ళేనా?” అనేవాడు నాయిన. ఆ వెంటనే నావైపు తిరిగేవాడు. “నువ్వెవరి సైడే?”

ఎవరు ముద్ద కలిపి పెడుతుంటే వాళ్ళ సైడే నేను. బడిలో లెక్కల సారు త్రిభుజానికి మూడు భుజాలు అని చెప్తే, పక్కింటి ఇంగ్లీషు మీడియం పిల్ల ‘మాకు భుజాలుండవు, సైడ్లుంటాయి’ అని గొప్పలు పోయేది. ఇంటికొచ్చి చెప్తే నాయిన చాలాసేపు నవ్వాడు. “మన ముగ్గురం మూడు సైడ్లు. ఒకటి తీసేస్తే ఏం మిగుల్తది?” అని అడిగాడు. రెండు గీతలు మిగులుతాయని చెప్పాను.

డ్రైవర్ల కుడిచెయ్యి మామూలు చెయ్యి కాదు. రోజంతా కిటికీ మీద ఉండి ఎండకు కమిలి, ఎడమచెయ్యి ఇంకెవరిదో అనిపించేంత నల్లబడుతుంది. గాలి కొట్టీ కొట్టీ మోచెయ్యి కిందికి మొద్దుబారుతుంది. వాళ్ళు దాన్ని కిటికీ చెయ్యి అంటారు. ప్రతి డ్రైవర్‌కీ ఉండేదే. బండి ఆపి, చెయ్యి దులుపుకుని, చాయ్ తాగి మళ్ళీ ఎక్కుతారు.

నాయిన ట్రిప్పు నుంచి రాగానే కాళ్ళు కడుక్కుని గోడకానుకుని కూర్చునేవాడు. ఏమీ అనకుండా కుడిచెయ్యి తీసి అమ్మ ఒళ్ళో పెట్టేవాడు. అమ్మ అప్పటికే ఇనప గరిటెలో ఆముదం వేడి చేసి ఉంచేది. ముందు తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసుకునేది. తర్వాత భుజం నుంచి వేళ్ళ కొసల దాకా రుద్దేది. ఆముదపాకు సెగకు వెచ్చజేసి కట్టేది. వాళ్ళిద్దరి మధ్య ప్రేమ అనేది నేను కళ్ళారా చూసింది ఆ కాసేపే.

తొంభైల మొదట్లో, నేను ఇంటర్ చదువుతున్నప్పుడు, విజయవాడలో బియ్యం దించి వస్తూ నాయిన మునగాల దగ్గర దాబా ముందు బండి ఆపాడట. ఈ సంగతి తర్వాత మాకు క్లీనర్ చెప్పాడు. నాయిన కంటే పెద్దవాడు ఆ క్లీనర్, స్టీరింగంటే భయమని ముసలితనం దాకా క్లీనర్‌గానే ఉండిపోయాడు. నాయిన చేతిలోంచి చాయ్ గ్లాసు జారిపడిందట. ఇద్దరూ నవ్వుకున్నారట. “కిటికీ చెయ్యే, ఇయ్యాల జర జోరుగ పట్టింది,” అన్నాడట నాయిన. క్లీనర్ కాసేపు పిసికాడు. నాయిన ఎడమచేత్తోనే స్టీరింగు పట్టుకుని సూర్యాపేట దాకా వచ్చాడు.

మధ్యాహ్నం ఇల్లు చేరాడు. అలవాటు ప్రకారం కూర్చుని చెయ్యి అమ్మ ఒళ్ళో పెట్టాడు. “మొద్దుబారింది,” అన్నాడు. అంతకంటే చెప్పాల్సిన అవసరం వాళ్ళకెప్పుడూ రాలేదు. అమ్మ నూనె రాసింది. ఎప్పటికంటే ఎక్కువసేపు రుద్దింది. ఆకు కట్టింది. “జర నయమే,” అని ఆయన పడుకున్నాడు. పొద్దుగూకే వేళ లేచి ఏదో అడగబోతే మాట రాలేదు. మూతి ఒక పక్కకు పోయింది. అమ్మ కేకకు వాడకట్టంతా పోగైంది.

దవాఖానలో డాక్టర్ మొదట అడిగింది, “ఏ సైడ్?” అని. కుడి అని చెప్పాను. ఎప్పటినుంచి అంటే అమ్మ దాచకుండా అంతా చెప్పింది, గ్లాసు జారడం, నూనె, ఆకు, నిద్ర.

“చెయ్యి పడిపోతుంటే నూనె రాసి పండబెట్టిన్రా?” అన్నాడాయన.

అని పక్క మంచం దగ్గరికి వెళ్ళిపోయాడు. ఆయనకు రోజూ వందమంది. ఆ మాట ఆయన అక్కడే మర్చిపోయి ఉంటాడు. మా అమ్మ మాత్రం బతికినన్నాళ్ళూ ఆ మాట దగ్గరే ఆగిపోయింది.

ఇంటికి తెచ్చుకున్నాక కొన్ని వారాలకు నాయిన నోటి నుంచి ఒక మాట వచ్చింది. “సైడ్.” నేనూ అమ్మా ఒకరినొకరు పట్టుకుని ఏడ్చాం. ఒకటి వచ్చిందంటే మిగతావన్నీ దాని వెనకే వస్తాయనుకున్నాం. నా పేరు వస్తుందని నేను రోజూ ఎదురుగా కూర్చునేదాన్ని. ఇంకొక్కటి కూడా రాలేదు. మెదడు దెబ్బతిన్నవాళ్ళకు ఒక్కోసారి ఒకే మాట మిగులుతుందని డాక్టర్ అన్నాడు. ఏ మాట మిగులుతుందో ఎవరూ చెప్పలేరట.

అలా ఆ ఒక్క మాటే అన్ని పనులకూ వచ్చింది. మెల్లగా అంటే మంచినీళ్ళు. సాగదీసి అంటే వీపు నొప్పి, పక్కకు తిప్పమని. వరసగా నాలుగైదుసార్లంటే కోపం. నేను పరీక్ష పాసైన రోజు నవ్వుతూ అన్నాడు. అమ్మను ‘సైడ్’ అని పిలిచే రాగం వేరు, నన్ను పిలిచే రాగం వేరు. చుట్టాలొచ్చి ‘పాపం, ఏమంటుండో ఏమో’ అని చీర కొంగుతో కళ్ళొత్తుకుంటుంటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. మాకు అర్థమవుతోంది కదా, మీకెందుకు?

మిల్లు వాళ్ళు అమ్మకు పని ఇస్తామంటే మిర్యాలగూడ మారాం. ఉడికించిన వడ్లు కళ్ళంలో ఆరబోసి కాళ్ళతో తిరగదోసే పని. మిల్లు సందులో గది. గది ముందు నాయిన మంచం. లారీలు ఆ ఇరుకు సందులోకి రివర్సులోనే రావాలి. నాయిన మంచం మీద నుంచి ఎడమచెయ్యి ఊపుతూ “సైడ్! సైడ్!” అని అరిచేవాడు. డ్రైవర్లు ఆయన చెయ్యి చూసుకునే బండి వెనక్కి తీసేవాళ్ళు. గోడకు ఎప్పుడూ తగల్లేదు. ఆ కాసేపు ఆయన రోగిష్టి కాదు. బండి నిలిచాక డ్రైవర్ దిగి “అన్నా, ఒక బీడీ,” అని మంచం మీద కూర్చుంటే నాయిన ముఖం వెలిగిపోయేది.

అమ్మ ఆయనకు స్నానం చేయించేది, తినిపించేది, ఎత్తి కూర్చోబెట్టేది. కానీ ఆ కుడిచేతికి నూనె మాత్రం రాయలేదు. రోజూ మర్దన చెయ్యాలని డాక్టర్ చెప్తే ఆ పని నాకు అప్పజెప్పింది. నేను సీసా తీస్తే తను బయటికి వెళ్ళిపోయేది. నేను కొబ్బరినూనె వాడేదాన్ని. ఆముదం వాసన ఇంట్లోకి రానిచ్చేది కాదు అమ్మ.

“మీ నాయనకి నా మీద కోపం ఉందంటావా?” అని నన్ను అడిగేది. బట్టలు ఉతుకుతూ అడిగేది, కూర తరుగుతూ అడిగేది. “ఒక్కసారి నోరు తెరిచి తిడితే బాగుండు. తిట్టేదానికైనా మాట లేకుండా పోయిందే.”

ఆ రోజుల్లో వెంటనే తీసుకెళ్ళినా మన ఊళ్ళలో చెయ్యగలిగింది పెద్దగా ఏమీ ఉండేది కాదని ఇంకో డాక్టర్ నాకు తర్వాత చెప్పాడు. పరుగున వచ్చి అమ్మకు చెప్పాను. ఆమె వంచిన తల ఎత్తలేదు.

“నువ్వు నా సైడు మాట్లాడకు,” అంది. “ఆయన సైడు మాట్లాడేవాళ్ళెవరే?”

 

ఒక వానాకాలం, ముసురు పట్టి వడ్లు ఆరక మిల్లు పని ఆగింది. అమ్మ మంచం పక్కన కింద కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. నాయిన “సైడ్” అన్నాడు. నేను నీళ్ళు తెచ్చాను. కాదన్నట్టు తల ఊపాడు. దుప్పటి సర్దాను. అదీ కాదు. అమ్మ కూడా తల ఎత్తి చూసింది. ఆమెకూ అందలేదు ఆ రాగం. ఆయనకు చిరాకు పుట్టింది. ఎడమచేత్తో తన కుడి మణికట్టు పట్టుకుని ఎత్తి, మంచం మీద నుంచి అమ్మ ఒళ్ళోకి దించాడు. చేట ఒరిగి బియ్యం నేల మీద పడ్డాయి.

అమ్మ ఆ చేతిని ముట్టుకోలేదు. దాని వంకే చూస్తూ, ఇన్నేళ్ళూ నన్ను అడిగింది మొదటిసారి ఆయన్నే అడిగింది.

“నా మీద కోపం లేదా అయ్యా? నా చేతులారా చేసుకున్నానే.”

నాయిన మళ్ళీ తన కుడి మణికట్టు పట్టుకున్నాడు. ఆ చచ్చుబడిన చేతిని గాల్లోకి లేపి ముందుకు ఊపాడు. లారీ కిటికీలోంచి వెనక బండికి ఊపినట్టు. ఒకసారి ఊపి, అమ్మ చూసిందో లేదో అని మళ్ళీ ఊపాడు. తర్వాత దాన్ని మెల్లగా ఆమె ఒళ్ళో పెట్టి కళ్ళు మూసుకున్నాడు.

ఉత్తగా చెయ్యూపని మనిషి ఆయన. నేను గుమ్మంలో నిలబడి వెక్కి వెక్కి ఏడ్చాను. అమ్మ ఏడవలేదు. “పక్కింట్లో ఆముదం ఉందేమో అడిగి రాపో,” అంది.

అప్పటినుంచి రోజూ ఆమే రాసింది. ఆ చేతికి స్పర్శ లేదు, వేడి తెలియదు. అయినా అమ్మ ముందు తన మణికట్టు మీద చుక్క వేసుకుని చూసుకునేది. ఆమె చెయ్యి ఎర్రగా కమిలిన రోజులు కూడా ఉన్నాయి.

తొంభైల చివర్లో నాయిన పోయాడు. అప్పటికి నాకు కోదాడలో టీచరు పని. కబురు అందగానే బస్సెక్కి మిర్యాలగూడ చేరేసరికి వాకిట్లో జనం. చివరి స్నానానికి అంతా సిద్ధంగా ఉంది. ఎవరో గిన్నెలో నూనె తెచ్చి, తలా ఇంత రాయండని తొందర పెడుతున్నారు. అందరూ నన్ను చూసి ఏడుపు పెంచారు. నాకు కన్నీళ్ళు రాలేదు. ఆయన నోట నా పేరు ఇక ఎప్పటికీ రాదనే ఒక్క సంగతి దగ్గరే నేను మొద్దులా నిలబడిపోయాను. ఎక్కడో లోపల అన్నేళ్ళూ ఎదురుచూస్తూనే ఉన్నానని నాకు అప్పుడు తెలిసింది.

అమ్మ ఆ నూనెగిన్నె అందుకుంది. “కాస్త సైడు జరగండమ్మా,” అని జనం మధ్య నుంచి లోపలికి నడిచింది. పొయ్యి వెలిగించి గరిటె పెట్టింది.

“పోయిన మనిషికి కాగిన నూనెందుకే?” అంది ఒక ముసలామె. “లేటైతది, కానియ్‌రి.”

అమ్మ గరిటె పట్టుకుని వచ్చి కింద కూర్చుంది. నాయిన కుడిచెయ్యి తీసి ఒళ్ళో పెట్టుకుంది. తన మణికట్టు మీద ఒక చుక్క వేసుకుని వేడి చూసింది.

“ఆయనకు చల్లనూనె పడదు,” అంది.