దూరం కూచున్న రోజుల చదువు

కాంతమ్మ ఇంట్లో పసుపు పని మొదలైందంటే, కల్లం లేచేదాకా ముట్టయిన ఆడమనిషి ఆ దిక్కుకు పోకూడదు. తవ్వకం మొదలుకొని ఉడకబెట్టడం, ఎండబెట్టడం, డ్రమ్ములో తిప్పి పాలిష్ పట్టడం, బస్తాలు కుట్టి మార్కెట్‌కు తోలడం దాకా అదే కట్టడి. చెప్పులతో కుప్ప తొక్కడం ఒక తప్పయితే, దూరమున్న మనిషి నీడ పడడం అంతకంటే పెద్ద తప్పు. కొమ్ము రంగు చెడుతుందట. లోపల పుచ్చుతుందట. అందుకని ఇంటి వెనక బర్రెల పాక పక్కన ఒక రేకుల కొట్టం ఉంది. అందులో నులక మంచం, సత్తు చెంబు, వేలాడే బల్బు. ముట్టయిన వాళ్లకు ఐదు రోజులు అదే ఇల్లు. అన్నం గడప దగ్గర పెట్టి పోతారు.

ఆ కొట్టమే భూమికకు కాలేజీ అయింది.

భూమికది ఆలూర్. పెర్కిట్‌కు కాంతమ్మ కోడలై వచ్చి రెండేళ్లు. ఆర్మూర్‌లో బీఎస్సీ చదివింది. ఇంటర్‌లో ఉన్నప్పుడే డాక్టర్ చదవాలని ఉండేది. కానీ ఆ ఏడు వాళ్ల నాయన కోచింగ్‌కని హైదరాబాద్ పంపింది తమ్ముడు నితీష్‌ను. వాడు మధ్యలోనే వదిలేసి వచ్చి ఇప్పుడు బస్టాండు దగ్గర ఫోన్లకు గ్లాసులు అంటిస్తున్నాడు. కొడుకు మీద పోయిందాన్ని పెట్టుబడి అంటారు, బిడ్డ మీద పెట్టబోయేదాన్ని ఖర్చంటారు. భూమిక రోజూ బస్సులో పోయి వచ్చి, ఎవరినీ ఏమీ అడగకుండా డిగ్రీ పూర్తి చేసింది.

డిగ్రీ అయ్యాక తెలిసింది, దానికి అక్కడ విలువే లేదని. డాక్టర్ సీటు పరీక్షంతా ఇంటర్ పాఠాల మీదే. మూడేళ్లు కప్పలనూ బొద్దింకలనూ కోసి నేర్చుకున్నదంతా పక్కన పెట్టి, మరిచిపోయిన ఫిజిక్స్ లెక్కలు మొదటి నుంచి మొదలుపెట్టాలి. పద్దెనిమిదేళ్ల పిల్లలతో పోటీ పడాలి. కల్లం మీద కూలికొచ్చే లసుమవ్వకు ఇదో పెద్ద తమాషా.

"డిగ్రీ అయినంక మళ్ల ఇంటర్ పరీచ్చనా పిల్లా? నా మనుమడు పదోదైనంక మూడోదిల కూసున్నట్టు!"

"కూసుంటే ఏమైతదవ్వా?"

"ఏం గాదు. బెంచి ఇరుగుతది."

సంబంధం కలుపుకునేటప్పుడే కాంతమ్మ పెద్దమనుషుల ముందర ఒక మాట అన్నది: "సదువుకుంటనంటే వద్దంటమా? ఒక్క సాలు సూస్తం. అస్తె మంచిదే, రాకుంటే ఇల్లు సూస్కోవాలె." మొదటి ఏడు కొత్త కాపురమని గడిచిపోయింది. ఆ ఒక్క సాలు ఇదే. మే మొదటి ఆదివారం నిజామాబాద్‌లో పరీక్ష. ఆ దినం రాయకపోతే భూమిక చదువు కథ అక్కడికి ఆఖరు.

కానీ ఆ పరీక్షకు ముందు నెలలన్నీ పసుపువే. సంక్రాంతి దాటగానే పొద్దున లేచి కూలోళ్లకు చాయలు, మధ్యాహ్నం మండలనే గుండ్రటి తల్లిదుంపలు వేరు, కొమ్ములు వేరు చేయడం, సాయంత్రం ఎండిన కుప్ప మీద పరదాలు కప్పడం. ఒళ్లు మంచం మీద పడేసరికి పుస్తకంలో అక్షరాలు ఈగల్లా లేచిపోయేవి. భర్త ముఖేష్ మంచివాడే. ట్రాక్టర్ మీద, ఫోన్ మీద ఉండేవాడు. "సదువుకోరాదు, ఎవలొద్దన్నరు?" అనేవాడు. ఎప్పుడు చదవాలో మాత్రం చెప్పేవాడు కాదు.

జనవరి చివర భూమికకు నెలసరి వచ్చింది. ఐదు రోజులు కొట్టంలో కూచుంది. మొదటి రోజు ఏడుపొచ్చింది. రెండో రోజు ఒక సంగతి గమనించింది. పిలిచేవాళ్లు లేరు. చాయ పెట్టమనేవాళ్లు లేరు. ఎవరూ దగ్గరికే రారు. ఆ ఐదు రోజుల్లో అంతకు ముందు నెలంతా చదవనన్ని పాఠాలు చదివింది. ఆరో రోజు తలంటు పోసుకుని కల్లం మీదికి పోతుంటే, పుట్టింటి నుంచి అత్తింటికి పోతున్నట్టే కాళ్లు బరువెక్కాయి.

రెండు వారాలు కూడా గడవకుండానే, పొద్దున్నే అత్త ముందర తల వంచుకుని అన్నది: "అత్తా, నేను దూరమైన."

అబద్ధమే. కాంతమ్మ వేళ్ల మీద లెక్క పెట్టుకుని, ముఖం చిట్లించి, "గింత జల్దేందే? సరే, పో పో, కల్లం దిక్కు రాకు" అన్నది.

ఆ అబద్ధానికి శిక్ష పది రోజులకే పడింది. నిజంగా వచ్చింది. ఇంకోసారి దూరమంటే పట్టుబడుతుంది. భూమిక పంటి బిగువున పసుపు కుప్ప మీద కూచుంది. ఐదు రోజులు పాలిష్ పట్టిన కొమ్ములు చేత్తో ఏరింది, చెరిగింది, బస్తాల్లోకి ఎత్తింది. పుచ్చుతుందేమోనని ఆమె కూడా భయపడింది. చదువుకున్నా భయం ఎక్కడికి పోతుంది? ఒక్కో కొమ్ము విరిచి చూసుకుంది. లోపల నారింజ రంగు నిగనిగ.

ఆ బస్తాలకే ఆ ఏడు మార్కెట్ యార్డులో మంచి ధర పలికింది. సరుకు అమ్మిపెట్టే అడ్తి సేటు గుప్పిట్లోకి తీసుకుని "గిదే గదా పసుపంటే" అన్నాడని ముఖేష్ చెప్పాడు. కాంతమ్మ వాడంతా చెప్పుకుంది: "మా కల్లం మీద కట్టడి గట్లుంటది మరి. నేనుండంగ ఎవలిని అంటనియ్య."

కాంతమ్మ మాత్రం ఏడాది పొడుగునా కల్లం మీద తిరగొచ్చు. ఆమెకు కొట్టంతో పని తీరి చాలా ఏళ్లు. ముప్పై నాలుగేళ్లప్పుడే గర్భసంచి తీయించుకుంది. ఆ వాడలో అట్లాంటి వాళ్లు ఇంటికొకరున్నారు. నెలకు ఐదు రోజులు పనికి అడ్డం తొలగిపోయిందని మగవాళ్లకు, ఆ పీడ పోయిందని ఆడవాళ్లకు సంతోషం. నడుం వంగకపోవడం, అప్పుడప్పుడు ఒళ్లంతా సెగలు లేచి చలికాలంలోనూ కొంగుతో విసురుకోవడం మిగిలాయి. వాటి గురించి ఎవరూ మాట్లాడరు.

మార్చిలో మళ్లీ అబద్ధం, మళ్లీ నిజాన్ని దాచి కల్లం పని. ఏప్రిల్‌లో ఆఖరి తవ్వకం పసుపు కల్లం మీద ఉండగా, పరీక్ష దగ్గరపడుతుంటే, ఇంకోసారి అబద్ధం. ఈసారి కొట్టంలో అండాశయాల పాఠం తిరగేస్తుండగా గడప బయట కాంతమ్మ గొంతు వినపడింది.

"రేపటికి ఐదు దినాలు నిండుతయ్ గదా. తానం జెయ్. దేవన్న తానకు పోదాం."

"ఎందుకత్తా?"

"ఎందుకంటవేంది? లెక్క తప్పి దూరమైతున్నవ్. పెండ్లయి రెండేండ్లాయె, కడుపు పండలె. నాకు అర్థం గాదనుకుంటున్నవా? మందలిస్తలేను బిడ్డా. ఫికర్ పడుతున్న."

ఆ గొంతులో నిజంగా దిగులుంది. తిడితే ఎదురు చెప్పొచ్చు. దిగులు పడేవాళ్లకు ఏం చెప్పాలి?

దేవన్న ఆ వాడకు డాక్టర్ సాబ్. చదివింది పదో తరగతి, చేతిలో ఎప్పుడూ సూది. ఆయన మణికట్టు పట్టి, కంటిరెప్ప లాగి, "సంచికి వాపున్నట్టుంది. జర స్కానింగ్ తీపియ్యాలె" అని, ఒక ప్రైవేటు దవాఖాన పేరు రాసిచ్చాడు. ఆయన పంపిన ప్రతి మనిషికీ అక్కడ ఆయన వాటా ఆయనకుంటుందని పిల్లలకు కూడా తెలుసు. తెలిసినా పోతారు. రాత్రి జ్వరమొస్తే తలుపు తీసేది ఆయనొక్కడే.

దవాఖానలో డాక్టరమ్మ తెర మీది నల్లని మచ్చ చూపించింది. "అండాశయంల నీటి బుడ్డ ఉన్నది. సంచి గూడ ఉబ్బింది. ఇట్లనే వదిలేస్తే పిల్లలు గారు, రేపు కాన్సర్‌కు తిరుగుతది. శుక్రవారం చేరుండ్రి. చిన్న ఆపరేషనే, బుడ్డ తీసేస్తం. వారం దినాలు మంచం దిగొద్దు. గని ముట్టున్న రోజుల్ల తీస్కరాకుండ్రి."

శుక్రవారం. ఆదివారం పరీక్ష.

భూమిక ఆ మచ్చ కేసే చూసింది. నెల నడుమ ప్రతి ఆరోగ్యమైన ఆడదాని ఒంట్లో ఉండేదే అది. గుడ్డు పెరిగే గూడు. నాలుగు రోజులైతే దానంతటదే పగిలి పోతుంది. ముందు రోజే ఆ బొమ్మ గీసుకుంది. "మేడమ్, అది ఫాలికిల్ కాదా?" అన్నది మెల్లగా.

డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి, కాంతమ్మ దిక్కు చూసి నవ్వింది. "ఏం చదువుకుందమ్మా మీ కోడలు?"

"డిగ్రీ అమ్మా. డాక్టరైతా అంటది."

"అయినంక చెప్పుమనుండ్రి."

ఆ రాత్రి ముఖేష్‌కు అంతా చెప్పింది. అతడు ముందు పడీపడీ నవ్వాడు. "ఓర్నీ! నువ్వు మామూలు దానివి గాదుపో!" తర్వాత నవ్వు ఆగింది. "అమ్మకు మాత్రం చెప్పకు."

"చెప్పకుంటే శుక్రవారం కోస్తరు గదా నన్ను."

"చిన్న ఆపరేషనే అన్నరు గద..."

భూమిక అటు తిరిగి పడుకుంది. కోపం కూడా రాలేదు. పొద్దున్నే కల్లం దగ్గరికి పోయి, కాంతమ్మ పరదా తీస్తుంటే ఇంకో కొస పట్టుకుని చెప్పింది.

"అత్తా, నాకే రోగం లేదు. సదువుకునేతందుకు దూరమైన్నని అబద్ధం చెప్పిన."

కాంతమ్మ పరదా వదల్లేదు. "అబద్ధమా?"

"అవ్."

"మరి నిజంగ అయినప్పుడు యాడున్నవ్?"

"గీ కల్లంలనే. మస్తు రేటొచ్చింది సూడు, గా పసుపు ఏరింది నేనే."

లసుమవ్వ చేతిలో చేట ఆగిపోయింది. కాంతమ్మ ముఖం మొదట ఎర్రబడింది, తర్వాత మెల్లమెల్లగా తెల్లబోయింది. భూమిక తిట్లకు సిద్ధపడింది. తిట్లు రాలేదు.

"నీకు రోగమున్నది" అన్నది కాంతమ్మ, ఒక్కో మాట నొక్కి. "డాక్టరమ్మ మిషన్ల సూపిచ్చింది. ఆమె అబద్ధం జెప్తదా? దేవన్న జెప్తడా? నువ్వు చెప్తున్నవ్. శుక్రారం పోవుడే."

"ఏం లేకున్నా కోస్తమంటున్నరత్తా..."

"నోరు ముయ్! రోగం లేనిదే ఎవలన్న కోస్తరా?"

ఆ కేకకు పాకలో బర్రె తలెత్తింది. అది కోడలి మీద కేక కాదని భూమికకు అప్పుడే అర్థమైంది.

శుక్రవారం పొద్దున ముఖేష్ ఆటో పిలిచాడు. ఇంట్లో భూమిక లేదు. కొట్టంలో నులక మంచం మీద కూచుని ఉంది, ఒళ్లో పుస్తకం.

"దూరమైన" అన్నది. "ఎవలు ముట్టుకోకుండ్రి."

"నిజమా, అబద్ధమా?" గడప అవతల కాంతమ్మ.

"లోపలికొచ్చి సూస్కో."

కల్లం మీద ఇంకా ఆఖరి కుప్ప ఉంది. కాంతమ్మ గడప దాటలేదు. కొడుకును దాటనియ్యలేదు. ఇన్నేళ్లు ఆడవాళ్లను వెలివేసిన కట్టడి ఆ ఒక్క పూట ఒక ఆడదానికి తలుపయి నిలబడింది. ఆటో ఊరకే పోయింది. ముఖేష్ దాని వెనకే పోయాడు.

కాంతమ్మ మాత్రం పోలేదు. గడప బయట నేల మీద కూలబడి, కొంగుతో విసురుకోవడం మొదలుపెట్టింది.

"పిల్లా."

"ఆఁ."

"నాది గూడ గట్లనే తీసిండ్రా?"

పుస్తకంలో ప్రతి ప్రశ్న కింద నాలుగు జవాబులుంటాయి. భూమిక పుస్తకం మూసి అడిగింది: "గప్పుడు నీకు రక్తం మస్తు పోతుండెనా అత్తా? కడుపుల నొప్పుండెనా?"

"ఏం లేకుండె. నడుం గుంజుతుండె, గంతే. దేవన్ననే అన్నడు, ఇద్దరు పిల్లలాయె గదా, ఇంక గా సంచితోని ఏం పని, తీపిస్తే కల్లం పనికి అడ్డముండదని." కొంగు ఆగింది. "మీ మామ గూడ అదే అన్నడు."

కాంతమ్మ జవాబు కోసం చూడలేదు. మోకాళ్ల మీద చేతులాన్చి లేచి కల్లం దిక్కు పోయింది.

ఆదివారం భూమిక ఒక్కతే ఆటోలో ఆర్మూర్, అక్కడి నుంచి బస్సులో నిజామాబాద్ పోయి పరీక్ష రాసి వచ్చింది. ఎట్లా రాశావని ఎవరూ అడగలేదు. ఆపరేషన్ మాట కూడా మళ్లీ ఎత్తలేదు.

ఫలితం జూన్‌లో వచ్చింది. అర్హత మార్కులు దాటింది. సీటుకు మాత్రం చాలా వెనక ఉంది. ఏడాది పొడుగునా కోచింగ్ హాస్టళ్లలో చదివే పిల్లల ముందు, దొంగతనంగా చదివిన ఇరవై ముప్పై రోజులు ఏపాటివి? ఒక్క సాలు అయిపోయింది. ఇల్లు చూసుకోమని ఎవరూ నోరు తెరిచి అనలేదు. చదువుకోమనీ అనలేదు.

కొత్త పసుపు నాటే రోజులు వచ్చాయి. ఒక సాయంత్రం విత్తనపు కొమ్ములు ఏరుతున్న భూమికకు, సందులోంచి వస్తున్న కాంతమ్మ కనిపించింది. ఒక చేత్తో రెండో జబ్బ రుద్దుకుంటోంది, సూది వేసిన చోట దూదిని అదిమిపట్టి.

"మళ్ల గా దేవన్న తాన్నే పోయినవా అత్తా?"

కాంతమ్మ దూదిని గోడ పక్కకు విసిరేసింది.

"ఏం జెయ్యాలె? నువ్వు డాక్టరయ్యేదాక నా నడుం ఆగుతదా?"