చల్లటి ఇంజన్‌లో ఎనభై డిగ్రీలు

2023 చలికాలం. ఆత్మకూరులో నాది కార్ల ఎలక్ట్రికల్ షాపు. గ్యాస్ కిట్లు బిగించడం, వాటి ఈసీయూలు సరిచేయడం నా పని. ఈసీయూ అంటే ఇంజన్‌కు ఎప్పుడు, ఎంత గ్యాస్ అందాలో లెక్కగట్టే చిన్న కంప్యూటర్. కొత్తవాటికి ఫోను చాలు. పాతవాటికి మాత్రం నా దగ్గరున్న ముసలి ల్యాప్‌టాపే దిక్కు.

ఉదయగిరి నుంచి వచ్చే పెంచలయ్య వ్యాన్‌కు ఉన్నది అలాంటి పాత కిట్టే. వారానికి మూడుసార్లు తెల్లవారుజామునే బయలుదేరి, భార్య సుబ్బమ్మను డయాలసిస్‌కు నెల్లూరు తీసుకెళ్లాలి. గ్యాస్ మీద కాస్త దూరం పోగానే బండి ఆగిపోయేది. పెట్రోలుకు మార్చే బటన్ ఎప్పుడో విరిగిపోయింది. నానా తంటాలు పడి, దారిలో ఉన్న మా ఆత్మకూరు చేరేసరికి మాత్రం ఇంజన్ శుభ్రంగా తిరిగేది. ల్యాప్‌టాప్ తగిలించి చూస్తే నాకు ఏ తప్పూ కనపడేది కాదు.

“బండిలో ఏం లేదు పెంచలయ్యా. నీకే తోలడం రాదు,” అన్నాను, మూడోసారి కూడా. ఇంకో మెకానిక్ అయితే తుక్కుకు అమ్మెయ్యమన్నాడట.

“అట్టంటే ఎట్టన్నా? మొన్న బుధవారం ఆస్పత్రి తప్పిపోయినాది. ఊపిరాడక ఆమె రోడ్డు పక్కనే కూలబడిపోయింది.”

అప్పుడుగానీ నాకు బుద్ధి రాలేదు. అంత దూరం నడిచి వేడెక్కిన బండినే నేను ప్రతిసారీ చూస్తున్నాను! ఆస్పత్రి నుంచి తిరిగొచ్చాక, రాత్రికి బండి నా దగ్గరే వదలమన్నాను. వాళ్లు ఊళ్లోనే బంధువుల ఇంట్లో ఉండి, పొద్దున్నే ఇద్దరూ వచ్చారు.

బానెట్ మీద చెయ్యి వేస్తే చల్లగా జిల్లుమంది. ల్యాప్‌టాప్‌లో చూస్తే ఇంజన్ నీళ్ల వేడి ఎనభై డిగ్రీలు!

నాకు ఒళ్లు మండిపోయింది. గ్యాస్ కిట్‌లో రెడ్యూసర్ అని ఒకటి ఉంటుంది. ద్రవంగా ఉన్న గ్యాస్‌ను ఆవిరి చేయడం దాని పని. ఇంజన్ నీళ్లు వేడెక్కకముందే గ్యాస్ వదిలితే దానికి మంచు పట్టేస్తుంది, ఇంజన్ ఆగిపోతుంది. అందుకే వేడెక్కేదాకా బండి పెట్రోలు మీద నడవాలి. నీళ్ల వేడి చెప్పడానికే సెన్సార్ పెడతారు. ఎవడో దాన్ని పీకేసి, ఎప్పుడు అడిగినా ఎనభై అని అబద్ధం చెప్పే రెసిస్టర్ ముక్క అతికించాడు. ఎందుకంటే, పొద్దున పూట రెండు చుక్కల పెట్రోలు మిగలడానికి!

“ఏ వెధవ చేసినాడో గానీ వాడి చేతులు విరగ్గొట్టాల! మనుషుల ప్రాణాలతో ఆటలా?” అని వీధంతా వినపడేలా అరుస్తూ వైరు మీది తొడుగు లాగాను.

లోపల ఎర్ర దారం ముడి ఉంది.

టేపు వేడికి ఊడిపోతుందని అతుకుల మీద ఎర్ర దారం చుట్టే అలవాటు ఈ చుట్టుపక్కల నాకొక్కడికే ఉంది. ఏళ్ల కిందట కలిగిరి కూరగాయల వ్యాపారి ఒకాయన తెల్ల వ్యాన్ తెచ్చి, పెట్రోలు చుక్క కూడా కాలకూడదని పట్టుబట్టాడు. గిరాకీ పోతుందని తలూపి, నేనే ఆ పని చేశాను. చేతులు మారి, నీలం రంగు వేసుకుని అదే బండి నా ముందుంది.

ఆ ముడి వాళ్లకు తెలియదు, దాచేయవచ్చు. కానీ ఇన్నాళ్లూ పెంచలయ్యను తిట్టింది ఈ నోరే కదా!

“ఆ వెధవను నేనే,” అన్నాను.

పెంచలయ్య తల వంచుకున్నాడు, తప్పు తనదే అయినట్టు. కొత్త సెన్సార్, కొత్త బటన్ వేశాను. నీళ్లు నలభై డిగ్రీలు దాటాకే గ్యాస్‌కు మారేలా ఈసీయూలో పెట్టాను. వాళ్లిద్దరినీ ఎక్కించుకుని మర్రిపాడు రోడ్డు మీద నడుపుతూ గ్యాస్ మోతాదు సరిచేశాను.

తర్వాతి డయాలసిస్ రోజున పొద్దున్నే వ్యాన్ నా షాపు ముందు ఆగింది. దారిలో ఎక్కడా ఆగలేదట. సుబ్బమ్మ కిటికీలోంచి పిలిచింది.

“ఆ పొద్దు నేను ఊపిరాడక పడిపోతే ఈయన ఏమన్నాడో తెల్సునా? ‘ఎట్టనో ఆత్మకూరు చేరితే చాలు, అన్న ఉండాడు’ అన్నాడు.”

ఇప్పుడు ఏ బండి వచ్చినా ముందు బానెట్ మీద చెయ్యి పెడతాను, ల్యాప్‌టాప్ తర్వాతే. నీకు తోలడం రాదు అనే మాట మాత్రం ఆ రోజు నుంచి ఎవరినీ అనలేదు.