అంకె తప్ప పేరు లేని సీసా

మా పిన్ని ఉద్యోగం గాయాలు చేయడం. ప్రయోగశాలలో చిన్న గిన్నె అడుగున కణాలు పరుపులా పరుచుకున్నాక, సన్నటి ప్లాస్టిక్ మొనతో వాటి మధ్య గీత గీస్తుంది. ఆ గీతే గాయం. దాని మీద పెప్టైడ్ చుక్క వేసి, అంచులు ఎంత దగ్గరకొచ్చాయో మర్నాడు మైక్రోస్కోపులో కొలుస్తుంది. పెప్టైడ్ అంటే ప్రొటీన్‌లో చిన్న తునకలాంటిది. పుండు మానడానికి, విరిగిన ఎముక అతుక్కోవడానికి ఏ తునక సాయపడుతుందో వెతకడం అక్కడి పని. గిన్నెలో నెగ్గిన తునకను తర్వాత ఎలుకల పుళ్ల మీద వేసి చూస్తారు. గీతలన్నీ పిన్నే గియ్యాలి. చెయ్యి మారితే గాయం మారుతుందని అక్కడి పెద్ద, మేడమ్, ఇంకొకరిని గియ్యనివ్వదు.

సీసాల మీద పేర్లుండవు, అంకెలే. సగం సీసాల్లో పెప్టైడ్, మిగతా వాటిలో ఉప్పునీళ్లు. ఏది ఏదో మేడమ్‌కి తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే కొలిచేవాళ్ల కన్ను మందు వైపు మొగ్గుతుందట.

షుగరుతో అమ్మమ్మ కాలి పుండు ముదిరింది. పాదం తీసెయ్యాలన్నారు. పిన్ని "సరేనండి" అంది, బస్సులో టికెట్ అందుకున్నట్టు.

మావయ్య మాత్రం ఊరుకోలేదు.

"ఎలుకల పుళ్లు మాన్పుతావు కదే డాక్టరమ్మా! కన్నతల్లికి ఒక్క చుక్క తేలేవూ? పెరటిచెట్టు వైద్యానికి పనికిరాదంటే ఏమో అనుకున్నాను."

మర్నాడు పిన్ని మేడమ్‌కి చెప్పకుండా ఒక సీసా తెచ్చి, ఫ్రిజ్‌లో పాలగిన్నె పక్కన పెట్టింది. ఆపరేషన్ ముందురోజు కట్టు విప్పి, సీసా పట్టుకుని అలాగే కూర్చుంది.

"పొయ్యవే, ఇంకా చూస్తావేం?" అంది అమ్మమ్మ.

"ఇది మందో నీళ్లో నాకు తెలియదమ్మా."

"తెలియదా! మరి ఇన్నేళ్లుగా అక్కడేం వెలగబెడుతున్నావే?"

"తెలియకుండా కొలవడమే నా పని. మందే అయినా, మనిషి పుండు మీద ఎవరూ వేసి చూడలేదు. వికటించి చీము పైకి పాకితే మోకాలి దాకా తీసేస్తారు."

అమ్మమ్మ తన పాదాన్ని పక్కింటివాళ్ల వస్తువులా చూసింది. దానికి స్పర్శ పోయి చాలా కాలమైంది.

"ఎలుకలే నయం. ఏం చేస్తారో వాటికి ముందే చెప్పరు. మూత పెట్టెయ్."

పిన్ని మూత పెట్టేసింది.

పాదం తీసేశారు. పిన్ని సీసా తీసుకెళ్లి మేడమ్ ముందు పెట్టి, జరిగింది చెప్పింది.

"ఆ గీత ఇంకొకరికి వచ్చుంటే ఈపాటికి నిన్ను ఇంటికి పంపేదాన్ని," అంది మేడమ్. ఆ అంకెను ప్రయోగంలోంచి కొట్టేసింది. ఫలితాలు తేలాక ఒకరోజు ఆవిడే అడిగింది. "నీ సీసాలో ఏముందో చెప్పనా?"

"వద్దండి," అని పిన్ని ఇంకో గిన్నె అందుకుంది.

ఆ సాయంత్రం కూడా అమ్మమ్మ కట్టు పిన్నే మార్చింది. మైక్రోస్కోపు ముందు కూర్చున్నట్టే పెదవులు బిగించి, కుట్ల వెంట చూపు నడిపింది.

"ఎలా ఉందే?"

"అంచులు కలుస్తున్నాయి."

"ఏం వేశావే?"

"ఏమీ వెయ్యలేదమ్మా."

అమ్మమ్మ లేని పాదం గోక్కోబోయింది. చేతికి దుప్పటి తగిలింది. కాసేపు దాన్నే గోకి వదిలేసింది. పిన్ని కొత్త కట్టు చుట్టడం మొదలుపెట్టింది.