అరవై నాలుగుకు అరవై నాలుగు

భద్రాచలంలో మా ఆఫీసు నుంచి అడవి ఊళ్లకు వరద హెచ్చరికలు ఫోన్ మెసేజ్‌లుగా వెళ్తాయి. ఊరికొక నంబరు, అరవై నాలుగు ఊళ్లు. రిటైరయ్యాక కూడా ఆ జాబితా సరిచూడడానికి నన్నే పిలిచేవారు. నంబరు ఎవరిదో, సిగ్నల్ ఎక్కడ దొరుకుతుందో, ఏ తారీఖున సరిచూశానో నా నోటుపుస్తకంలో ఉండేది.

ఆ మెసేజ్‌ల ప్రోగ్రాం రాసే ఇంజనీరమ్మది ఖమ్మం. ఆమెకు మూడు సర్వర్లు. ఒకదానిలో కోడ్ రాస్తుంది, రెండోదానిలో పరీక్షిస్తుంది, మూడోది ఊళ్లకు నిజంగా మెసేజ్ పంపే లైవ్ సర్వర్.

ఒక వానాకాలం ఆమె పరీక్షకని పంపిన మెసేజ్ వాగు ఒడ్డున ఉన్న గూడేనికి చేరింది. గూడెమంతా మేకలతో సహా గుట్టెక్కి రెండు రోజులు తడిసింది. మూడో రోజు అక్కడి పెద్దామె ఆఫీసుకొచ్చింది.

"నీళ్లు యాడున్నయమ్మా? జర సూపియ్యుండ్రి, మా మేకలన్న తాగుతయ్."

అప్పటి నుంచి టెస్ట్ సర్వర్‌లో ఊళ్ల నంబర్లు తీసేసి, ఊరి పేర్ల పక్కన ఆఫీసులో ఉన్న మా ఆరుగురి నంబర్లనే తిప్పితిప్పి పెట్టాం. పెద్దామెకు నేనొక మాట చెప్పాను.

"ఇగ తప్పు మెసేజ్ రాదు. మెసేజ్ వస్తేనే కదలుండ్రి."

"వాగును సూస్తే మాకెర్కైతదమ్మా."

"అయినా సరే. మెసేజ్ రానిదే లేవకుండ్రి."

మరుసటి ఏడు ఆషాఢంలో కొత్త ప్రోగ్రాం తయారైంది. సోమవారం పొద్దున ఇంజనీరమ్మ దాన్ని టెస్ట్ నుంచి లైవ్‌కు ఎక్కించింది.

"మేడం, అక్కడ అరవై నాలుగు, ఇక్కడ అరవై నాలుగు. సంతకం పెట్టుండ్రి."

"ఊళ్ల పేర్లు?"

"అన్నీ ఉన్నయ్. మీ అనుమానం సల్లగుండ!"

నవ్వాను. పేర్లు వరసగా చదివాను, రెండు వైపులా లెక్కపెట్టాను. నంబర్ల గడుల వైపు చూడలేదు. లెక్క సరిపోయింది, సంతకం పెట్టాను.

గురువారానికి గోదావరి పెరిగింది. గోదావరి నిండితే వాగు నీళ్లకు పోయే దారి ఉండదు, వెనక్కి తిరిగి ఊళ్ల మీదికి వస్తాయి. మధ్యాహ్నం రెండూ పదికి మెసేజ్ పంపాం.

"అరవై నాలుగూ చేరినయ్ మేడం," అంది ఇంజనీరమ్మ సంతోషంగా.

సిగ్నల్ లేని ఊళ్లు పది పన్నెండు ఎప్పుడూ మిగిలిపోతాయి. వానలో అన్నీ చేరడమేమిటి?

అప్పుడు నా సంచిలో ఫోన్ మోగింది. ఆగి మళ్లీ మోగింది. పక్క బల్ల మీద ఒకటి, అటెండర్ జేబులో ఇంకొకటి. నా ఫోన్‌లో పదకొండు మెసేజ్‌లు. అన్నిటిలోనూ ఒకే మాట, వెంటనే ఎత్తైన చోటికి వెళ్లండి. ఊళ్ల పేర్లే వేరు. మొదటిది వాగు ఒడ్డు గూడెం.

ప్రోగ్రాంతో పాటు టెస్ట్‌లో పెట్టిన మా ఆరుగురి నంబర్లు కూడా లైవ్‌లోకి వెళ్లిపోయాయి. ఏ ఊరికీ ఏమీ వెళ్లలేదు.

నోటుపుస్తకం కుట్టు విప్పి తలా కొన్ని కాగితాలు పంచి ఊళ్లకు ఫోన్లు చెయ్యమన్నాను. గూడేనికి నేనే చేశాను. అక్కడ ఫోన్ మెరక మీది ఇప్పచెట్టుకు కట్టిన డబ్బాలో ఉంటుంది, సిగ్నల్ అక్కడే. ఏడోసారికి పెద్దామె ఎత్తింది.

"నీళ్లు యాడిదాకా వచ్చినయ్?"

"దొడ్ల దాకా. పొద్దుగాల్నుంచి వాగు ఎనక్కి తంతాంది. మెసేజ్ రాలే గదా, కూసున్నం."

"లేవుండ్రి, గుట్టెక్కుండ్రి."

"అవ్‌గని, గా యేడు లెక్కనేనా?"

"కాదు. నిజం."

ఫోన్ పెట్టెయ్యనివ్వలేదు. అందరూ చెట్టు దగ్గరికి వచ్చాక లెక్కపెట్టించాను. నలభై ఒకటి అంది. నా కాగితం మీద నలభై రెండు.

"మా సెల్లె మేకల్ని ఇడువనీకి పోయింది."

ఫోన్‌లో వాన చప్పుడు తప్ప ఏమీ వినిపించలేదు. గోడ గడియారంలో పద్నాలుగు నిమిషాలు గడిచాయి.

"వచ్చింది. మెడ దాకా తడిసింది," అంది పెద్దామె. తర్వాత నెమ్మదిగా, "ఇగ మీ మెసేజ్ మాకొద్దమ్మా. వాగునే సూసుకుంటం," అంది.

నంబర్లు సరిచేశాం. ఇప్పుడు ఒక్కొక్క అంకె పైకి చదివి, ఆ నంబరుకు ఫోన్ చేసి గొంతు విన్నాకే సంతకం పెడుతున్నాను. కానీ ఎగువన ఎక్కడో కురిసిన వాన కింద వాగులో కనబడక ముందే లేవాల్సిన రోజులుంటాయి. ఈ ఏడు వానలు మొదలయ్యాక గూడేనికి రెండుసార్లు చేశాను. ఫోన్ మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.