ప్రకాశం మామ వదిలేసిన నురగ

తడిపిన పటికను చెంపకు రాసుకున్నప్పుడల్లా ఆ చురుకు నన్ను అల్లూరులో ప్రకాశం మామ సెలూన్ కుర్చీలో కూర్చోబెడుతుంది. నాలాంటివాళ్ళ గురించి లైబ్రరీలో దొరికినవన్నీ చదివాను. వాటిలో డాక్టర్లు చాలామంది ఉన్నారు, మంగలి ఒక్కడూ లేడు. అందుకే ఇది రాసిపెడుతున్నాను.

పుట్టినప్పుడు నన్ను ఆడపిల్ల అన్నారు. నేను మగవాణ్ణి. డాక్టరు ఇచ్చిన హార్మోను మందుతో గొంతు మారింది కానీ, ముఖం గుండ్రంగానే ఉండిపోయింది. మా చర్చిలో మగవాళ్ళు కుడివైపు, ఆడవాళ్ళు ఎడమవైపు కూర్చుంటారు. ఎడమవైపు కూర్చోలేక, కుడివైపు వెళ్ళే ధైర్యం లేక, ఆరు నెలలు గుమ్మం బయట చెప్పుల దగ్గరే నిలబడ్డాను. ఎవరి చెప్పు ఎక్కడ తెగిందో నాకు తెలిసినంతగా పాస్టరుగారికి కూడా తెలియదు.

ఆ రోజుల్లోనే నెల్లూరు లైబ్రరీలో కూర్చుని, ముఖాన్ని మగవాడి ముఖంగా మార్చే పద్ధతులతో ఒక నోటుబుక్కు నింపాను. దవడకు, గడ్డానికి లోపల అమర్చే ముక్కలు, సూదితో ఎక్కించే ఫిల్లర్లు, పక్కటెముక మృదులాస్థితో, మగవాళ్ళకు గొంతు ముందు పొడుచుకొచ్చే కంఠమణిని పెంచడం. కటింగుకు వెళ్ళి అంతా మామకు చదివి వినిపించాను. కత్తెర ఆపి శ్రద్ధగా విన్నాడు.

"బాగుండాదబ్బయా. ఎముక సంగతి డాక్టరు చూసుకుంటాడు. ముందు జుట్టుతో మొదలుపెడదాం. తప్పు చేసినా మళ్ళీ మొలస్తాది."

పక్కల బాగా తగ్గించి, పైన ఎత్తు వదిలి, చెవుల ముందు జుట్టును పలకలా నేరుగా కోశాడు. అద్దంలో నా ముఖానికి మూలలు వచ్చాయి! తర్వాత, వెంట్రుకే లేని చెంపలకు బ్రష్షుతో నురగ పూశాడు. బెంచీ మీద మా చర్చి సంఘపెద్ద రత్నంగారు ఉన్నారు. ఆయనది పూర్తి బట్టతల.

"ఏం గొరుగుతావయ్యా ప్రకాశం? వంకాయ మాదిరి నున్నగుంటే!"

"మీ నెత్తిన ఏముండాదని నెలనెలా వస్తన్నారు పెద్దయ్యా? నేనెప్పుడన్నా అడిగినానా?"

ఆ ఆదివారం పొద్దున్నే మామ మళ్ళీ గడ్డం గీసి, "ఈ పొద్దు లోపలికి పో" అన్నాడు. వెళ్ళి మగవాళ్ళ చాప అంచున కూర్చున్నాను. రత్నంగారు నేరుగా నా వైపే వచ్చారు. లేపేస్తారనుకున్నాను. వంగి నా చెవి కింద చూశారు.

"నురగ అట్టనే ఉండాది. ప్రకాశానికి చూపు తగ్గినట్టుండాదే!" అని తన కండువాతో తుడిచి, "జరుగబ్బయా" అంటూ పక్కనే కూర్చున్నారు. ప్రసంగం ముగిసేదాకా ఏ బ్లేడు మంచిదో చెవిలో చెబుతూనే ఉన్నారు.

"నలభై ఏళ్ళ చెయ్యి కదా మామా, నురగెట్టా మిగిలింది?" అని తర్వాత అడిగాను.

"తప్పు కనపడందే మగోళ్ళు నోరు తెరవరబ్బయా."

మామ పోయి రెండేళ్ళయింది. నోటుబుక్కులో దవడ పేజీ మడిచే ఉంది. ఒకరోజు చేయించుకుంటానేమో, తొందర మాత్రం లేదు. ఇప్పుడు గడ్డం నిజంగానే వచ్చింది. అయినా ఆదివారాల్లో చెవి కింద కాస్త నురగ వదిలేస్తాను.

అడిగిన పుస్తకమల్లా వెదికిపెట్టిన లైబ్రరీ సుజాతక్కకు కృతజ్ఞతలు. ప్రకాశం మామకు ఎన్ని చెప్పినా తక్కువే. ఇక, హార్మోను మందు వల్ల జుట్టు పలచబడుతున్న నా నడినెత్తిని తడిమి, "ఇప్పుడు మా జట్టులో కలిసినావు" అని సంబరపడిన రత్నంగారికి కూడా.