అడకత్తెర నేనే తీశాను

నా చిన్నప్పుడు నన్ను దొంగ అన్న మనిషి ఒక్కరే, మా నాయనమ్మ. అరవై ఏళ్ళు కావస్తున్నా ఆ మాట తలుచుకుంటే నాకింకా మంటగానే ఉంటుంది. పడ్డ మాట మరచిపోయే మనిషిని కాను నేను. మా ఆడపడుచు గృహప్రవేశానికి నాకు పెట్టిన చీర అంచున మరక ఉంది. ఆ చీరను కట్టలేదు, పారేయనూ లేదు. ఇప్పటికీ బీరువాలో అలాగే ఉంది.

కూచిపూడికి దగ్గర్లో, కాలువ గట్టు మీద మా ఇల్లు. నాయనమ్మకు వక్కలు కత్తిరించుకునే అడకత్తెర ఒకటి ఉండేది. దాన్ని ఎప్పుడూ బొడ్లో దోపుకుని తిరిగేది. ఒక మధ్యాహ్నం అది కనిపించలేదు. నేను ఎదురుగా కూర్చుని అచ్చనగాయలు ఆడుకుంటున్నాను. ఉన్నట్టుండి వచ్చి నా జడ పట్టుకుంది. "దొంగపీనుగా! నా అడకత్తెర ఎక్కడ దాచావే? అసలు ఎవరింటి పిల్లవే నువ్వు?"

అప్పటికే ఆవిడ పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మరచిపోతోంది. తన పెళ్ళిలో పల్లకీ మోసిన బోయీల పేర్లు మాత్రం తడుముకోకుండా చెప్పేది. అందుకే ఇంట్లో అందరూ ఆవిడ కావాలనే నటిస్తోందని అనుకునేవారు. నేనూ అదే అనుకున్నాను. వాళ్ళ పేర్లు గుర్తున్న మనిషికి నా పేరు గుర్తుండదా?

వెతగ్గా వెతగ్గా అడకత్తెర బియ్యం డబ్బాలో దొరికింది. దాన్ని పట్టుకుని పరుగెత్తాను. అందరి ముందూ ఆవిడ చేత తప్పయిందని అనిపించాలి. నాయనమ్మ చిన్నకోడలు, అంటే మా పిన్ని, గుమ్మం దగ్గరే నన్ను ఆపి అడకత్తెర లాక్కుంది. నాయనమ్మ మంచం మీద ముడుచుకుని కూర్చుంది. చేతులు వణుకుతున్నాయి. పిన్ని ఆవిడ పక్కన కూర్చుంది.

"నేనే తీశాను అత్తయ్యా. వక్కలు కత్తిరిద్దామని పట్టుకెళ్ళి ఇవ్వడం మర్చిపోయాను. తప్పైపోయింది."

నాయనమ్మ అడకత్తెర తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. కాసేపటికి వణుకు తగ్గింది. "పోనీలేవే. అడిగితే ఇవ్వనా ఏంటి?" అంటూ పిన్ని చేతిలో ఒక వక్కపలుకు కూడా పెట్టింది.

నేను పెరట్లోకి వెళ్ళి పిన్నిని నిలదీశాను. తీయని దాన్ని తీశానని నువ్వెందుకన్నావు, నా మీద పడ్డ మాట ఇప్పుడెవరు తీస్తారు అని ఏడ్చాను. పిన్ని గిన్నెలు తోముతూనే ఉంది.

"ఎవరూ తీయరే పిచ్చిమొహమా. నిన్ను అన్నట్టే ఆవిడకి గుర్తు లేదు, ఇక తప్పని ఎక్కడ ఒప్పుకుంటుంది? సంగతి మర్చిపోయింది గానీ భయం పోలేదు. చూశావుగా ఆ చేతులు? నాకు ఆ భయం పోవాలి, అంతే."

నాకు ఆ జవాబు నచ్చలేదు. చాలా రోజులు పిన్నితో మాట్లాడలేదు.

కిందటేడు మా ఆయనకు అల్జీమర్స్ అని విజయవాడలో డాక్టరు గారు తేల్చారు. స్కాన్ చూపిస్తూ ఓపిగ్గా చెప్పారు. మెదడు కణాల మధ్యా, వాటి లోపలా పనికిరాని ప్రోటీన్లు పేరుకుపోతాయట. ఒక కణం మాట ఇంకో కణానికి అందకుండా పోయి, కణాలు మెల్లగా చచ్చిపోతాయట. కొత్త సంగతుల్ని దాచే భాగం ముందు దెబ్బతింటుందట. పాతవి మరికొంత కాలం నిలుస్తాయట. వింటుంటే నాకు మా కాలువ కనిపించింది. గుర్రపుడెక్క కాలువను కమ్మేసిన ఏడాది, మొదటి పొలాలకు నీళ్ళందేవి, శివారు పొలాలు ఎండిపోయేవి. నాయనమ్మకు ఆ బోయీలు మొదటి పొలాలు. నేను శివారు పొలాన్ని.

చాలా ఏళ్ళ కిందట మా తమ్ముడి పెళ్ళి పంక్తిలో నేను రెండోసారి పులిహోర అడిగితే, మా ఆయన అందరూ వినేలా, "దీనికి తిండి ధ్యాస తప్ప ఇంకేం తెలుసండీ," అన్నారు. పంక్తంతా నవ్వింది. నేను విస్తరి ముందు నుంచి లేచిపోయాను. ఆ మాటకు ఎప్పటికైనా తప్పయిందంటారని ఎదురుచూస్తూనే ఉన్నాను. కిందటి నెల కూడా అడిగాను. "ఎవరి పెళ్ళి?" అన్నారు. నేను గొంతు పెంచి గుర్తు చేయబోయాను. ఆయన గోడవైపు జరిగిపోయారు. గంట తర్వాత ఆ గొడవ ఆయనకు గుర్తు లేదు. కానీ నేను కలిపి పెట్టిన ముద్ద నోట పెట్టుకోలేదు. నా చేతికేసి భయంగా చూశారు.

నిన్న పొద్దున ఆయన చేతిగడియారం కనిపించలేదు. "ఎవరండీ మీరు? మిమ్మల్ని లోపలికి ఎవరు రానిచ్చారు? నా గడియారం మీరే తీశారు," అన్నారు. పాలు తీద్దామని ఫ్రిజ్ తెరిస్తే, గడియారం కరివేపాకు మీద ఉంది. పట్టుకొచ్చాను. ఈ ఇంటి దాన్ని నేను, దొంగను కాను అన్న మాట నోటిదాకా వచ్చింది. అప్పుడు ఆయన చేతులు చూశాను.

"నేనే తీశానండీ. టైము చూద్దామని తీసి ఇవ్వడం మర్చిపోయాను. తప్పైపోయింది."

గడియారం కడుతుంటే ఊరుకున్నారు. చాలాసేపు నా ముఖం చూశారు. "పోనీలెండి. మంచివారిలాగే ఉన్నారు," అన్నారు.

క్షమించవలసింది నేననుకుంటూ ఇన్నేళ్ళు కూర్చున్నాను. చివరికి ఆయనే నన్ను క్షమించారు.

పెళ్ళి పంక్తిలో అన్న మాటను నేను వదల్లేదు, వదలను. ఆ రోజు మేమిద్దరం పక్కపక్కన కూర్చున్నామన్నది ఇప్పుడు నాకొక్కదానికే గుర్తుంది. నేనూ వదిలేస్తే, అక్కడ మేము కూర్చోనట్టే. ఆ మాట నా దగ్గరే ఉండనీ. ఆయన గదిలోకి వెళ్ళేటప్పుడు మాత్రం దాన్ని గుమ్మం బయటే ఉంచి, పిన్ని మాట ఒక్కటే లోపలికి పట్టుకెళుతున్నాను.